మొగ దగ్గర పచ్చరంగు

“ఎలాగూ లేచే ఉంటావుగా, ఈ నాలుగూ కాస్త చూసిపెట్టు” అని చీరల మూట బాల్కనీ గుమ్మంలో పడేసి, దుర్గాశంకర్ మళ్ళీ పడుకోవడానికి లోపలికి వెళ్ళిపోయాడు. ఆయన లెక్కలో నాలుగంటే మూటెడు. దసరా రోజులు. గవర్నర్‌పేటలో ఆయన మ్యాచింగ్ సెంటర్ ముందు ఆడవాళ్ళు చీరలు పట్టుకుని నిలబడే చోటు లేకుండా ఉన్నారు. షాపులో ఆ తెల్లటి దీపాల కింద నెమలికంఠం చీరకి అతికినట్టు సరిపోయిన జాకెట్టు గుడ్డ, రోడ్డు మీదికొచ్చి చూసుకుంటే వేరే రంగై వెలవెలబోతుంది. కొన్నావిడ తిరిగొచ్చి గొడవపడుతుంది. అందుకని పెళ్ళయిన మొదటి ఏడాది నుంచీ ఖరీదైన చీరలన్నీ సాయంత్రం ఇంటికొస్తాయి. తెల్లవారి, ఎండ ఇంకా నేరుగా పడకముందు, ఆ నీడ వెలుగులో రేణుక వాటికి గుడ్డలు జతచేస్తుంది. మంగళగిరిలో మగ్గాల ఇంట్లో, నూలుకి రంగులద్దే అమ్మ పక్కన పెరిగిన మనిషి. ఏ వెలుగులో ఏ రంగు అబద్ధమాడుతుందో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. షాపులో మాత్రం అందరూ అనేది, “శంకర్ గారి కన్ను పడిందంటే రంగు తప్పదండీ” అని. ఆయన చేతులు జోడించి, “అంతా దుర్గమ్మ దయ” అంటాడు. అందులో దుర్గమ్మకైనా వాటా ఉంది, రేణుకకి లేదు.

పక్కనే ప్లాస్టిక్ స్టూలు మీద లాప్‌టాప్ తెరిచి ఉంది. ఆ పనీ ఈ వేళప్పుడే. బందరు రోడ్డులో ఒక ప్రైవేటు తీర సమాచార సంస్థలో ఆమె సైంటిస్టు. ఉపగ్రహం తీసిన సముద్రపు బొమ్మల్ని శుద్ధిచేసి, చేపలు ఎక్కడ దొరకొచ్చో చూపించే మ్యాపు తయారుచెయ్యడం ఆమె ఉద్యోగం. పడవలు బయల్దేరే లోపల మ్యాపు సిద్ధం కావాలి. ఆఫీసు తెరిచేదేమో పొద్దెక్కాక. “ఇంట్లోంచే కదమ్మా, ఆడవాళ్ళు ఎలాగూ లేచే ఉంటారు” అన్నారు డైరెక్టర్ రామకోటేశ్వరరావు గారు, మూడేళ్ళ కిందట, మ్యాపు ఇంకా ఆఫీసు పరీక్షల దాకానే ఉన్నప్పుడు. ఆ పనికి జీతమూ లేదు, డ్యూటీ అన్న పేరూ లేదు. మొగుడూ డైరెక్టరూ అప్పటికి ఒకరి ముఖం ఒకరు ఎరగరు. అయినా ఇద్దరి నోటా అదే మాట. ఎలాగూ లేచే ఉంటావు. ఎందుకు లేవాల్సొస్తోందో ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.

“అమ్మాయ్, కుక్కరు కూసీ కూసీ ఊరుకుంది. నీకు సముద్రాలు కనపడతాయిగానీ స్టౌ కనపడదు” అంది అత్తగారు చౌడేశ్వరి, వంటింట్లో పీట మీద కూర్చుని కాఫీ చల్లార్చుకుంటూ. స్టౌ ఆవిడ చేతికందే దూరంలోనే ఉంది. రేణుక లేచి వెళ్ళి కట్టేసి, వస్తూ వస్తూ కూతురు చిన్నిని తట్టి లేపి, తువ్వాలు చేతికిచ్చి, వచ్చి మళ్ళీ స్టూలు ముందు కూర్చుంది. తెర మీద మ్యాపు సిద్ధంగా ఉంది. కృష్ణ సముద్రంలో కలిసే మొగ దగ్గర, హంసలదీవి మొదలుకుని నాగాయలంక కిందిదాకా, చిక్కటి పచ్చ పట్టీ. పచ్చ అంటే కంటికి ఆనని సన్న నాచు. నాచు ఉంటే చేప మేతకొస్తుంది. చేప కోసం పడవ అటు తిరుగుతుంది. ఆ పచ్చ పచ్చి అబద్ధమని రేణుకకి తెలుసు. ఇవాళ శుక్రవారం. ఈ సాయంత్రం గవర్నర్‌పేటలో ఒక హోటలు హాల్లో దీపం వెలిగించి, శాలువాలు కప్పి, ఆ అబద్ధాన్ని ఊరికి ఇవ్వబోతున్నారు. రేపు పొద్దుటి నుంచి అది తీరమంతా పడవలవాళ్ళ ఫోన్లలోకి వెళుతుంది. పంపే బటన్ మీద వేలు మాత్రం ఆమెదే.

తప్పు ఎక్కడుందో కూడా ఆమెకి తెలుసు. అంతెత్తు నుంచి చూసే ఉపగ్రహానికి అందే వెలుగులో సముద్రం వాటా మహా అయితే పదో వంతు. మిగతాదంతా మధ్యలో ఉన్న గాలిది, దుమ్ముది, తేమది. గాలి వాటా తీసేస్తేగాని సముద్రం అసలు రంగు బయటపడదు. వాతావరణ సవరణ అంటారు దాన్ని. గాలి వాటా ఎంతో తెలిసేదెలా? దానికో కిటుకుంది. ఎరుపుకి అవతల, మన కంటికి కనపడని వెలుగు ఒకటుంది. నీళ్ళు దాన్ని తాగేస్తాయి, తిరిగి పైకి పంపవు. కాబట్టి ఆ వెలుగులో సముద్రం ఇచ్చేది సున్నా అని ముందే అనుకుంటారు. అక్కడ ఏం కనపడినా అదంతా గాలిదేనని తేల్చి, దాన్ని బట్టి మిగతా రంగుల్లోనూ గాలి వాటా ఇంతని కట్టి తీసేస్తారు. నడిసముద్రంలో, నీలపు నీళ్ళ మీద, ఇది చక్కగా పనిచేస్తుంది. మొగ దగ్గర పనిచెయ్యదు. ప్రకాశం బ్యారేజి గేట్లెత్తాక ఎర్రగా దిగిపోయే కృష్ణ మోసుకెళ్ళే ఒండ్రు ఆ కనపడని వెలుగులో కూడా మెరుస్తుంది. నది మెరుపుని ఈ లెక్క తీసుకెళ్ళి గాలికి కట్టబెడుతుంది. గాలి అంత దట్టంగా ఉందని నమ్మి, నీలం రంగులో సముద్రం ఇచ్చినదానికంటే ఎక్కువ కోసేస్తుంది. నీలం సున్నా కిందికి పడిపోతుంది. నీలం లేదంటే నాచే తాగేసి ఉంటుందని ఆ తర్వాతి లెక్క అనుకుని, అక్కడ పచ్చ పూసేస్తుంది.

ఏ నీళ్ళయినా సున్నాకన్నా తక్కువ వెలుగు ఇస్తాయా? ఆ సంఖ్య మొదటిసారి తెర మీద చూసినప్పుడు రేణుక కోపం ఆపుకోలేక నవ్వింది. ఆ లెక్క ఆమెకి కొత్తేమీ కాదు. ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచీ ఆమె బతుకుతున్నది అందులోనే. ముందే సున్నా అనుకోవడం, అనుకున్నాక ఆమె చేసిందేదైనా కళ్ళకి కనపడితే అది ఇంకెవరిదో అయి ఉంటుందని తేల్చడం. కూర కుదిరితే అత్తగారి చెయ్యి. చిన్నికి లెక్కలు బాగా వస్తే తండ్రి బుర్ర. షాపులో రంగు కలిస్తే శంకర్ గారి కన్ను. ఆఫీసులో మ్యాపు వస్తే డైరెక్టరు గారి దూరదృష్టి. అన్నీ అందరికీ పంచేశాక ఆమెకి మిగిలేది సున్నా కూడా కాదు. “ఇంట్లో ఉప్పు అయిపోయిన సంగతి కూడా చూసుకోవు, రోజంతా ఏం చేస్తుంటావు?” అని దుర్గాశంకర్ అన్నప్పుడల్లా ఆ సున్నా కిందికి ఇంకాస్త జారుతుంది.

పోయిన నెల ప్రయోగాత్మకంగా కొన్ని పడవలకే ఈ మ్యాపు పంపారు. సందేహాలకి ఫోన్ చెయ్యమని ఇచ్చిన నంబరు కూడా రేణుకదే, సొంత నంబరు. ఒక రోజు చారుకి పోపు వేస్తుంటే మోగింది. అవతల బందరు పక్కన గిలకలదిండి రేవులో చేపలమ్మే బుల్లెమ్మ.

“మేడం గారూ, మీ పచ్చ చూసి మావోళ్ళు పడవ అటు తిప్పారమ్మా. వలనిండా బురద. వల చిరిగిపోయింది. మా ఆయన తిట్టేది ఎవర్నీ? నన్ను. ఫోను చూసి అటెళ్ళమంది నేనే కదా! మీకేం తల్లీ, ఫ్యాను కింద కూర్చుని రంగులేసుకుంటారు. ఇక్కడ మాటలు పడేది మేము.”

“ఎక్కడ తప్పిందో చూస్తానండీ. చూసి చెబుతాను” అంది రేణుక. పోపు మాడింది. ఆ పూటకి అత్తగారికి మాట్లాడుకోవడానికి అదే సరిపోయింది.

చూడ్డానికి పడవెక్కి మొగదాకా వెళ్ళింది. “మగాళ్ళతో రోజంతా పడవలోనా? వీధిలో ఏమనుకుంటారు?” అన్నాడు దుర్గాశంకర్. అరగంట ఆలోచించి, “సరే, వచ్చేటప్పుడు బందరు లడ్డూలు పట్రా” అన్నాడు. ఆమె సీసాల్లో నీళ్ళు పట్టుకొచ్చింది, లడ్డూలూ తెచ్చింది. నీళ్ళు వడకట్టి కొలిస్తే, మ్యాపు చూపించిన నాచులో మూడో వంతు కూడా లేదు. ఒండ్రు కూడా మెరవని ఇంకా అవతలి వెలుగుని ఆధారం చేసుకుని, సముద్రాన్ని ముందే సున్నా అనుకోకుండా లెక్క మళ్ళీ కట్టడం మొదలుపెట్టింది. పచ్చ పట్టీ పలచబడింది. ఇంకా సరిచూసుకోవలసింది చాలా ఉంది. కొన్ని వారాలు పడుతుంది. ఆ మాటే వెళ్ళి డైరెక్టరు గారికి చెప్పి, అప్పటిదాకా మొగ దగ్గర మ్యాపు తెల్లగా వదిలేద్దామంది.

“ఆ నెగెటివ్‌లు కనపడకుండా తీసెయ్ రేణుకమ్మా” అన్నారాయన, ఫోనులోంచి తలెత్తకుండా. “సున్నా చేసెయ్. ప్రపంచమంతా అలాగే అనుకుంటుంటే మనకెందుకు?”

“నడిసముద్రంలో అనుకుంటారు సార్. ఇక్కడ బురద ఉంది. నేను నీళ్ళు తెచ్చి కొలిచాను.”

“కొలిచావు సరే. శుక్రవారం ఫంక్షన్. పెద్దవాళ్ళు వస్తున్నారు. మ్యాపు నిండుగా, పచ్చగా ఉండాలి. మొగ దగ్గర తెల్లగా వదిలేస్తే నెత్తి మీద బట్టతల ఉన్నట్టుంటుంది. తర్వాత తీరిగ్గా చూద్దాం. అన్నట్టు వందన సమర్పణ నీదే. ఆడవాళ్ళు చెబితే సభకి నిండుతనం. మంచి పట్టుచీర కట్టుకుని రా. శాలువాలు మీవారి షాపు నుంచే తెప్పించెయ్, వాళ్ళ సెలక్షన్ బాగుంటుందట.”

ఆ సాయంత్రం ఆమె సిటీ బస్సులో కిటికీ పక్కన కూర్చుని పళ్ళు నూరుకుంటూ ఇంటికొచ్చింది. వందన సమర్పణ! బళ్ళో అదే, కాలేజీలో అదే, పీహెచ్‌డీ చేశాక కూడా అదే. అధ్యక్షత మగవాళ్ళది, ప్రారంభోపన్యాసం మగవాళ్ళది, కీలకోపన్యాసం మగవాళ్ళది. ప్రార్థన పాడటానికీ, దీపం పళ్ళెం పట్టుకోవడానికీ, చివర్లో పేరు పేరునా కృతజ్ఞతలు చెప్పడానికీ ఆడవాళ్ళు. అప్పటికి సగం హాలు లేచి టిఫిన్ల వైపు నడుస్తూ ఉంటుంది. ఆమెకి అమ్మ గుర్తొచ్చింది. చిన్నప్పుడు మగ్గాలు లెక్కరాసుకోవడానికి ఎవరో ఆఫీసరు ఇంటికొచ్చాడు. నేసేవారి పేరన్నచోట నాన్న ఏడుకొండలు పేరు రాసుకుని, ఊరికే అడిగినట్టు “మీరేం చేస్తారమ్మా?” అన్నాడు. అమ్మ రంగు తొట్టి దగ్గర నుంచి అప్పుడే లేచి వచ్చింది. మోచేతుల దాకా నీలం. ఆ చేతులు కొంగు చాటుకి లాక్కుని, “ఏం చెయ్యనండీ, ఇంట్లోనే ఉంటా” అంది. ఆఫీసరు ఆ నీలం చూశాడు. చూసి కూడా రాసుకోలేదు. రేణుకకి ఇన్నేళ్ళకి ఆ ఆఫీసరు మీద ఎంత కోపం వచ్చిందంటే, దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

శుక్రవారం సాయంత్రం హాలు కళకళలాడింది. ముందు వరసలో సోఫాలు, వెనక ప్లాస్టిక్ కుర్చీలు. ఎవరి కోసమైతే ఈ మ్యాపో ఆ పడవలవాళ్ళ సంఘం పెద్దలు గిలకలదిండి నుంచీ నాగాయలంక నుంచీ ఇస్త్రీ చొక్కాలతో వచ్చి, చిట్టచివరి వరసల్లో ఒదిగి కూర్చున్నారు. అందరూ మగవాళ్ళే. మూడో వరసలో దుర్గాశంకర్. ఇంట్లో బయల్దేరేటప్పుడు, “ఆ పచ్చ కంచిపట్టు కట్టుకో, స్టేజి మీద మన షాపు పేరు నిలబడాలి” అని తనే బీరువా లోంచి తీసిచ్చాడు. కట్టుకుంది. ఆఫీసు అటెండరు కనకలక్ష్మి వెనకాల బల్లల మీద పళ్ళేలు సర్దుతోంది.

డైరెక్టరు గారు చాలాసేపు మాట్లాడారు. ఈ మ్యాపు కోసం తను ఎన్ని నిద్రలేని రాత్రులు గడిపారో చెప్పారు. మా టీం, మా టీం అన్నారు. ఆ టీములో ఒక్క మనిషి పేరూ లేదు. తెర మీద మ్యాపు వేయించి, చేతికర్రతో మొగ దగ్గర పచ్చ పట్టీని తాకుతూ, “ఇదిగో, కృష్ణమ్మ మీకు దాచిపెట్టిన నిధి. రేపే పడవలు ఇటు తిప్పండి” అన్నారు. చప్పట్లు మోగాయి. వెనక వరసల్లో ఇద్దరు ముగ్గురు ఫోన్లు పైకెత్తి ఆ పట్టీకి ఫోటో తీసుకున్నారు. రేణుక ఆ ఫోన్లకేసి చూసింది. రేపు ఆ ఫోను పట్టుకుని పడవ ఎటు వెళ్ళాలో ఇంట్లో ఏ ఆడది చెబుతుందో, వల చిరిగాక ఎవరు మాటలు పడతారో ఆమెకి తెలుసు.

“ఇప్పుడు రేణుక మేడం గారు రెండు ముక్కల్లో వందన సమర్పణ చేస్తారు” అన్నారు మైకులో. కుర్చీలు కిర్రుమన్నాయి. గారెల వాసన వచ్చింది. జనం లేవడం మొదలుపెట్టారు. ఆమె చేతిలో పెట్టిన కాగితం మీద పేర్లు గబగబా చదివేసింది. అధ్యక్షులవారు, ముఖ్య అతిథిగారు, హోటలు యాజమాన్యం, శాలువాలు సమకూర్చిన శ్రీ దుర్గాశంకర్ గారు. కాగితం అయిపోయింది. ఆమె మైకు వదల్లేదు.

“వెనకవైపు పెద్దలు దయచేసి ఒక్కసారి కూర్చోండి. మీతో పనుంది” అంది.  మైకు ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. “తెర మీద ఆ పచ్చ పట్టీ చూసి రేపు పడవలు అటు తిప్పకండి. అక్కడ ఉన్నది మేత కాదు. కృష్ణ ఒండ్రు. నది మెరుపుని గాలిదనుకుని మా లెక్క తప్పుతోంది. పోయిన నెల మీలో కొందరు ఇది నమ్మి వలలు చింపుకున్నారు. నేను మొగ దగ్గరికెళ్ళి నీళ్ళు పట్టి కొలిచాను. మ్యాపులో చూపించినంత నాచు అక్కడ లేదు. ఈ సంగతి సార్‌కి ముందే చెప్పాను.”

లేచినవాళ్ళు లేచిన చోటే ఆగిపోయారు. సంఘం అధ్యక్షుడు ఎలీషా నిలబడ్డాడు. ఆమె వైపు చూడలేదు. ఆమె పక్కనున్న డైరెక్టరు వైపు చూసి, “నిజమేనాండీ సార్?” అని అడిగాడు. చెబుతున్నది ఆమె. కొలిచింది ఆమె. నిజమో కాదో చెప్పాల్సింది మాత్రం ఆయన. 

డైరెక్టరు గారు నవ్వుతూ రెండో మైకు అందుకున్నారు. “చిన్న టెక్నికల్ విషయమండీ. మా మేడం గారు కాస్త కంగారు మనిషి. మీరేం ఇదవకండి, రేపు పొద్దునకల్లా సరిచేసి పంపిస్తాం.” మైకు పక్కకి తిప్పి, ఆ నవ్వు అలాగే ఉంచుకుని, ఆమె చెవి దగ్గర అన్నారు: “రాత్రికి కూర్చుని చేసెయ్యమ్మా. నీకెంతసేపు!”

నీకెంతసేపు. నలుగురొస్తున్నారు, వంట నీకెంతసేపు. చిన్ని ప్రాజెక్టు వర్కు నీకెంతసేపు. మూటెడు చీరలు నీకెంతసేపు. మా అమ్మకి కాళ్ళు పట్టడం నీకెంతసేపు. ఎంతసేపో ఇన్నేళ్ళలో ఒక్కరూ కూర్చుని చూడలేదు. చూడకుండానే తేల్చేశారు. కోపం కూడా చివరికి ఆమె నెత్తిన ఇంకో పనై కూర్చుంటోంది, తప్పు చూపించినందుకు రాత్రి జాగారం కూడా ఆమెకే. మూడో వరసలో దుర్గాశంకర్ కళ్ళు పెద్దవి చేసి, దిగు దిగు అని వేళ్ళు ఆడిస్తున్నాడు. ఇంటికెళ్ళాక ఏం వినాలో ఆ వేళ్ళలోనే తెలుస్తోంది. వినాల్సిందేదో వింటాను అనుకుంది.

“సార్ ఈ రాత్రికి చేసెయ్యమంటున్నారు” అంది మైకులోనే, హాలంతటికీ వినపడేలా. “చెయ్యను. అది ఒక్క రాత్రి పని కాదు. కొన్ని వారాల పని. ఆఫీసులో, ఆఫీసు పనిగా చేస్తాను. చేసినదాని మీద నా పేరుంటుంది. అప్పటిదాకా మొగ దగ్గర మ్యాపు తెల్లగా ఉంటుంది. తెలుపంటే, అక్కడ ఏముందో మాకు ఇంకా తెలియదని అర్థం. మ్యాపు మీ ఫోన్లకి పంపేది నేనే. కాబట్టి ఎలీషా గారూ, నిజమేనా అని ఇకమీదట నన్నే అడగండి.”

డైరెక్టరు గారి నవ్వు పోయింది. “రేణుకా! మైకు ఇలా ఇవ్వు” అన్నారు. చెయ్యి చాపారు. “రేణూ!” అంటూ దుర్గాశంకర్ లేచి నిలబడ్డాడు. కనకలక్ష్మి చేతిలో పళ్ళేలు అలాగే పట్టుకుని చూస్తోంది.

“ఇంకా అవలేదు సార్. కాగితంలో ఇద్దరి పేర్లు వదిలేశారు” అంది రేణుక. “గిలకలదిండి బుల్లెమ్మ గారికి, ఫోన్ చేసి నన్ను తిట్టినందుకు కృతజ్ఞతలు. అలాగే మూడేళ్ళుగా ప్రతి తెల్లవారుజామునా ఈ మ్యాపు తయారుచేస్తున్న రేణుకకి, ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు గనక నేనే చెబుతున్నాను, కృతజ్ఞతలు.”